తూటా కొనాలా, నింపించాలా, నింపుకోవాలా: తిరుపతి, చిత్తూరు షూటర్లకు ఒక సలహా

గత సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని ఫోనులో ఒక ఫొటో చూపించాడు. గ్యారేజీలో ఒక బల్ల, దానికి బిగించిన ఇనుప ప్రెస్సు, పక్కన వరుసగా నిలబెట్టిన ఇత్తడి కేసులు, అంటే తూటా తొడుగులు. టెక్సాస్‌లో ఉంటాడు. సెలవు రోజుల్లో .308 (గుండు వ్యాసం, అంగుళాల్లో) రైఫిల్‌తో 300 గజాల దూరంలో గురి కొడతాడు. "మామా, ఇంకా డబ్బాల్లో వచ్చే తూటాలేనా నీకు? నావి నేనే నింపుకుంటాను. వచ్చేసారి ఇలాంటి ప్రెస్సు నీకూ ఒకటి తెస్తాను" అన్నాడు. ప్రేమతో అన్న మాట. తేవద్దని చెప్పి, ఎందుకు తేకూడదో వివరించేసరికి సాయంత్రమైంది.

పది రోజుల తర్వాత చిత్తూరు నుంచి ఒక తండ్రి ఫోను చేశారు. వాళ్ల అమ్మాయి ఎయిర్ రైఫిల్ నుంచి .22 రైఫిల్‌కు కొత్తగా మారింది. "సార్, విదేశాల్లో పెద్ద షూటర్లు తూటాలు ప్రత్యేకంగా చేయించుకుంటారట, కొందరు ఇంట్లోనే నింపుకుంటారట. మా అమ్మాయి మామూలు డబ్బా తూటాలతో కాలిస్తే వెనకబడిపోతుందా?" అని అడిగారు. వీడియోలు చూసి కంగారు పడ్డారని గొంతులోనే తెలిసింది. వెనకబడదు అని వెంటనే చెప్పాను. అయితే ఆ ఒక్క మాటతో ఆయన సందేహం తీరదు. పూర్తి సమాధానం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ మూడు రకాలేమిటో చూద్దాం. చొక్కాతో పోలిస్తే సులువుగా తెలుస్తుంది. ఫ్యాక్టరీ తూటా రెడీమేడ్ చొక్కా. ఒకే కొలత ఉన్న తుపాకులన్నిటికీ సరిపోయేలా లక్షల్లో తయారవుతుంది. రెండోది టైలరు కుట్టిన చొక్కా. మీ రైఫిల్ వివరాలు, కొన్నిసార్లు మీ రైఫిల్‌లో ఒకసారి పేలిన ఖాళీ కేసులు కూడా తీసుకుని, దానికి సరిపడేలా ఒక సంస్థ తూటాలు నింపి ఇస్తుంది. మూడోది ఇంట్లో మన మిషను మీద మనమే కుట్టుకున్న చొక్కా. పేలిన ఇత్తడి కేసును మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు (సూది దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూత) పెట్టి, తుపాకి మందు తూచి పోసి, పైన కొత్త గుండు కూర్చుకోవడం.

విదేశాల్లో ఈ మూడో పని చేసేవాళ్లను నేను తక్కువ చేయను. వాళ్ల ఓపిక చూస్తే గౌరవం కలుగుతుంది. తూటాలో నాలుగు భాగాలుంటాయి: కేసు, ప్రైమరు, మందు, గుండు. పాతకాలపు తుపాకుల్లో రంజకం చేసిన పనినే ఇప్పుడు ప్రైమరు చేస్తుంది. తూటా పేలినప్పుడు ఖర్చయ్యేవి మూడే, ఇత్తడి కేసు మిగులుతుంది. అది ఆ తుపాకి గదిలోనే (తూటా కూర్చునే చోటు) సాగి, ఆ గది ఆకారానికే వస్తుంది. కాబట్టి అదే కేసును మళ్లీ వాడితే ఆ తుపాకిలో వదులు లేకుండా కూర్చుంటుంది. దానికి తోడు ప్రతి తూటాలోనూ మందు ఒకే బరువు ఉండేలా, గుండు ఒకే లోతున కూర్చునేలా చూసుకుంటే వేగంలో తేడా తగ్గుతుంది. వేగం నిలకడగా ఉంటే దూరంలోని గురి మీద రంధ్రాలు దగ్గరగా పడతాయి. డబ్బు ఆదా అవుతుందనీ అంటారు. మా మేనల్లుడిని గట్టిగా అడిగితే, ఆదా అయిన డబ్బుతో ఇంకా ఎక్కువ తూటాలు నింపుతున్నానని ఒప్పుకున్నాడు.

అంటే వాళ్లు వెతికేది రెండు గుణాలు: తూటాకూ తూటాకూ తేడా లేకపోవడం, ఆ తూటా తమ బ్యారెల్‌కు (తుపాకి గొట్టానికి) నప్పడం. ఈ రెండూ గుర్తుంచుకోండి. ప్రెస్సు లేకుండా ఇవి మనకు ఎలా దొరుకుతాయో తర్వాత చెబుతాను.

చట్టం ఏమంటుందో ముందు తెలియాలి. 1959 నాటి ఆయుధాల చట్టంలో తుపాకి, తూటాలు కలిగి ఉండటానికి 3వ సెక్షన్ కింద లైసెన్సు ఇస్తారు. మన చేతిలో ఉండేది అదే. తయారు చేయడానికి కావలసింది 5వ సెక్షన్ కింద ఇచ్చే వేరే లైసెన్సు. షూటరుకు తుపాకి లైసెన్సు ఉంది కదా, తన తూటా తాను నింపుకుంటే తప్పేమిటి అని చాలామంది అమాయకంగా అడుగుతారు. మొదటి లైసెన్సు రెండోదాని పని చేయదు. 5వ సెక్షన్‌కు విరుద్ధంగా తూటాలు తయారు చేస్తే 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తక్కువ కాదు, యావజ్జీవం వరకూ పోవచ్చు. ఇంకో సంగతి ఉంది. అదే చట్టంలో తూటా అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే తూటాల విడిభాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా చేరి ఉన్నాయి. అంటే మా మేనల్లుడు సూట్‌కేసులో ప్రెస్సు తెచ్చి ఉంటే, ఒక్క తూటా నింపకముందే విమానాశ్రయంలోనే మా కుటుంబం చిక్కుల్లో పడేది. దిగుమతికి మళ్లీ 10వ సెక్షన్ కింద అనుమతి కావాలి. బంధువులు విదేశాల్లో ఉన్న ప్రతి షూటరూ ఈ విషయం వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

కొలతపెట్టి నింపించుకునే రకం కూడా ఇక్కడ మనకు అందుబాటులో లేదు. మన ఊళ్లలో లైసెన్సు ఉన్న డీలరు ఫ్యాక్టరీ తూటాలు అమ్ముతాడు, లైసెన్సు మీద లెక్క రాస్తాడు. నింపి ఇచ్చే పని ఆయనది కాదు. ఎవరైనా చాటుగా నింపి ఇస్తానంటే ఆ మనిషితో మాట కూడా పొడిగించకండి.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టినా ప్రాణం సంగతి ఉంది. కారు టైరులో మనం కొట్టించే గాలి ఒత్తిడి 30, 32 పీఎస్ఐ. .22 తూటా పేలినప్పుడు గదిలో పుట్టే ఒత్తిడికి నిర్ణయించిన గరిష్ఠ పరిమితి 24,000 పీఎస్ఐ. .30-06 లాంటి పెద్ద రైఫిల్ తూటాకైతే 60,000. టైరులోని ఒత్తిడికి దాదాపు రెండు వేల రెట్లు! అదంతా షూటరు చెంపకు జానెడు దూరంలో జరుగుతుంది. మందు రకం మారినా, రెండుసార్లు పోసినా తుపాకి విచ్చుకుపోవచ్చు. అసలు పోయకపోతే ప్రైమరు బలానికి గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. గమనించకుండా రెండో తూటా కాలిస్తే అదే ఫలితం. ఆ దెబ్బ పుత్తూరు కట్టుతో నయమయ్యేది కాదు. అమెరికాలో ఏళ్ల తరబడి నింపుతున్నవాళ్లకు మందు కంపెనీలు అచ్చువేసిన కొలతల పుస్తకాలు, నాణ్యమైన మందు, నేర్పే పెద్దలు ఉంటారు. ఇక్కడ అవేవీ లేకుండా దొంగచాటుగా చేసేవాడి చేతిలో ఏముంటుంది? నాటు తుపాకిలో మందు కూరి వేళ్లు పోగొట్టుకున్నవాళ్ల గురించి మన కొండపల్లెల్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

ఇంత చెప్పాక ఆ చిత్తూరు తండ్రికి ఊరటనిచ్చిన మాట ఒకటుంది. ఆయన కూతురు కాల్చే .22 తూటాను ప్రపంచంలో ఏ పోటీ షూటరూ ఇంట్లో నింపుకోడు. పెద్ద రైఫిల్ తూటాలో ప్రైమరు కేసు అడుగున మధ్యలో విడిగా కూర్చుంటుంది, తీసి కొత్తది పెట్టవచ్చు. .22లో పేలుడు పదార్థం కేసు అడుగు అంచులోనే, పల్చటి ఇత్తడి మడతలో ఉంటుంది. తుపాకి సూది ఆ అంచును నొక్కేసి పేలుస్తుంది. ఒకసారి నొక్కుకుపోయిన అంచు ఇక పనికిరాదు. ఎయిర్ రైఫిల్ పెల్లెట్టుకైతే (గాలితో పోయే చిన్న సీసపు గుండు) మందే లేదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వచ్చాయి. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం 50 మీటర్ల .22 రైఫిల్‌లో వచ్చింది. మూడూ ఫ్యాక్టరీలో తయారైన వాటితో గెలిచినవే. కాబట్టి ఒలింపిక్ బాటలో నడిచే మన పిల్లలకు అసలు ఎంపిక ఫ్యాక్టరీ తూటాల మధ్యనే ఉంది. ఏ తరగతి, ఏ లాట్ (తయారీ విడత) అన్నదే ప్రశ్న.

లాట్ సంగతి

.22 పోటీ తూటాల్లో పేరున్నవి ఇంగ్లండ్‌కు చెందిన ఈలీ, జర్మనీకి చెందిన ఆర్‌డబ్ల్యూఎస్, ఎస్‌కే, ఫిన్లాండ్‌కు చెందిన లాపువా. ప్రతి కంపెనీలోనూ సాధన తరగతి, మధ్య తరగతి, పోటీ తరగతి ఉంటాయి. ఈలీలో టెనెక్స్, ఆర్‌డబ్ల్యూఎస్‌లో ఆర్50 పైమెట్టు. అన్నిటిలోనూ సాధారణంగా గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. వేగం సెకనుకు 330 మీటర్లకు కాస్త అటూ ఇటూ. ధ్వని వేగం కంటే తక్కువగా ఉంచడం కోసమే ఆ వేగం. డబ్బా మీద హై వెలాసిటీ అని రాసి ఉన్నవి గురి కోసం కొనకండి. అవి ధ్వనిని మించిన వేగంతో బయలుదేరి, దారిలో ఆ హద్దుకు దిగివచ్చేటప్పుడు తడబడతాయి.

పైమెట్టు తూటా ధర సాధన తూటాకు రెట్టింపు కంటే ఎక్కువే. ఆ డబ్బుకు మనం కొనేది నిలకడ. దాని విలువ ఎంతో ఒక లెక్క వేసి చూపిస్తాను. 50 మీటర్లు వెళ్లేలోగా .22 గుండు భూమ్యాకర్షణకు సుమారు 12 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. ఒక తూటా వేగం మిగతావాటి కంటే సెకనుకు 10 మీటర్లు తక్కువైతే అది ఇంకో 7 మిల్లీమీటర్లు కిందికి పడుతుంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. షూటరు ఊపిరి, ట్రిగ్గరు, చూపు అన్నీ సరిగా ఉన్నా ఆ దెబ్బ తొమ్మిదికి జారవచ్చు. పాపం, పిల్లవాడు తన తప్పనుకుని సరిగా ఉన్న భంగిమను మార్చుకుంటాడు. నాసిరకం తూటా చేసే అసలు నష్టం అదే. ఒక పాయింటు పోతే పోయింది, సరైన అలవాటు చెడిపోతే ఆరు నెలలు పడుతుంది.

మరి అందరూ ఖరీదైనదే కొనేస్తే సరిపోతుందా? సరిపోదు. ఒకే పేరు, ఒకే ధర ఉన్న తూటాలు కూడా లాట్‌ను బట్టి మారతాయి. లాట్ అంటే ఒకే విడతలో, ఒకే సరుకుతో తయారైన తూటాలు. నంబరు డబ్బా మీద ఉంటుంది. ఒక బ్యారెల్‌కు నప్పిన లాట్ పక్కవాడి బ్యారెల్‌కు నప్పకపోవచ్చు. అమెరికాలో మా మేనల్లుడు ప్రెస్సు దగ్గర కూర్చుని సాధించేదాన్ని మనం లాట్ పరీక్షతో సాధించాలి. ఈ కంపెనీలు జర్మనీ, ఇంగ్లండ్‌లలో ఇందుకోసమే పరీక్షా కేంద్రాలు నడుపుతాయి. రైఫిల్‌ను బిగించి, లాట్ తర్వాత లాట్ కాల్చి చూసి, నప్పినది అక్కడే కొనుక్కోవచ్చు. జాతీయ జట్టు స్థాయికి వెళ్లినవాళ్లకు అది వీలవుతుంది. మనకు వీలయ్యే పద్ధతి వేరే ఉంది.

మా దగ్గర నేర్చుకునే ఒక అబ్బాయి రైఫిల్‌కు కిందటేడు చేసిన పరీక్ష చెబుతాను. 50 మీటర్ల రేంజ్ కోసం చెన్నై వైపు వెళ్లాలి. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా ఎండ ముదరకముందే చేరాం. రాష్ట్రం దాటే ముందు లైసెన్సు మీద చెల్లుబాటు ప్రాంతం ఏమని రాసి ఉందో చూసుకోవాలి, అందరివీ దేశమంతటా చెల్లవు. వెంట నాలుగు లాట్‌లు తీసుకెళ్లాం: పోటీ తరగతివి రెండు, మధ్య తరగతిది ఒకటి, సాధనది ఒకటి. రైఫిల్‌ను బల్ల మీద బిగింపులో కూర్చోబెట్టాం, మనిషి తప్పు కలవకుండా. ఒక్కో లాట్‌కు పది దెబ్బల చొప్పున నాలుగు కార్డులు (కాగితపు టార్గెట్లు). లాట్ మార్చిన ప్రతిసారీ ముందు పదిహేను తూటాలు లెక్కలోకి తీసుకోకుండా కాల్చాం. ఎందుకంటే గుండు మీద మైనం లాంటి జిడ్డు పూత ఉంటుంది, కంపెనీని బట్టి అది మారుతుంది. బ్యారెల్‌లో పాత పూత పోయి కొత్తది పరుచుకునేదాకా వచ్చే ఫలితం నమ్మదగినది కాదు.

ప్రతి కార్డు మీదా రంధ్రాల గుంపును బయటి అంచు నుంచి బయటి అంచుకు వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచాం. పోటీ తరగతి రెండో లాట్ మొదటి కార్డు 15 మిల్లీమీటర్లు వచ్చింది. రంధ్రాలన్నీ కలిసిపోయి చిరిగిన ఒకే గుంట. అబ్బాయి ముఖం వెలిగిపోయింది. "సార్, ఇదే తీసుకుందాం, ఇక మిగతావి ఎందుకు" అన్నాడు. ఇంకా మూడు కార్డులున్నాయి కాల్చు అన్నాను. 22, 24, 24.6 వచ్చాయి. సగటు 21.4. ఆ మొదటి కార్డు అదృష్టం. మధ్య తరగతి లాట్ 15.2, 16.1, 16.6, 15.7 ఇచ్చింది, సగటు 15.9. పోటీ తరగతి మొదటి లాట్ సగటు 17.8, సాధన లాట్ 23.6. ధర తక్కువైన తూటా ఆ బ్యారెల్‌లో రెండు ఖరీదైన లాట్‌లనూ ఓడించింది.

ఈ అంకెలు స్కోరులో ఏమవుతాయో చూడండి. గుండు వ్యాసం 5.6 మిల్లీమీటర్లు, గీతను తాకినా పది ఇస్తారు. అంటే బయటి అంచుల మధ్య 21.6 మిల్లీమీటర్ల లోపున్న గుంపు సరిగ్గా మధ్యలో పడితే అన్నీ పదులే. 16 మిల్లీమీటర్ల లాట్‌తో కాల్చేవాడికి చుట్టూ దాదాపు 2.8 మిల్లీమీటర్ల వెసులుబాటు మిగులుతుంది, తన చేతి వణుకును అందులో దాచుకోవచ్చు. 24 మిల్లీమీటర్ల కార్డులో వెసులుబాటు లేదు సరికదా, రాయిలా కదలకుండా ఉన్నా పదులు పోతాయి. లైసెన్సు ఎంత అనుమతిస్తే అంత ఆ మధ్య తరగతి లాట్‌నే కొని, పోటీలకు దాచి, రోజువారీ సాధనకు అదే కంపెనీ చవక రకం వాడమన్నాను. పూత ఒకేలా ఉంటే పోటీకి ముందు బ్యారెల్‌ను మళ్లీ అలవాటు చేయడం తేలిక.

మూడు దెబ్బలు, ఐదు దెబ్బల గుంపులతో తీర్పు చెప్పేవాళ్లను నమ్మకండి. పరీక్షకే రెండు వందల పైచిలుకు తూటాలు ఖర్చవుతున్నాయే అని ప్రాణం ఉసూరుమంటుంది, నాకూ తెలుసు. నలుగురు షూటర్లు కలిసి వెళ్లి, ఒక్కో లాట్ డబ్బాలు పంచుకుందామని అనుకునేవాళ్లకు ఒక మాట: తూటాలు చేతులు మారడం కూడా చట్టం కింద లెక్కే. క్లబ్బు లేదా సంఘం పేరిట తెచ్చిన తూటాలను రేంజ్‌లోనే కాల్చే ఏర్పాటు అడిగి చేసుకోండి.

ఎవరికి ఏది

ఎయిర్ రైఫిల్ పిల్లల తల్లిదండ్రులు ఎక్కువ కాబట్టి వాళ్ల సంగతి. 20 జూళ్లకు మించని శక్తి, 0.177 అంగుళాలకు మించని కొలత ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. పెల్లెట్లు 500 ఉన్న డబ్బాల్లో వస్తాయి. రైఫిల్‌కు వాడేది సాధారణంగా 0.53 గ్రాముల బరువు. డబ్బా మీద తల కొలత మిల్లీమీటర్లలో 4.49, 4.50, 4.51 అని ఉంటుంది. మీ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో పైన చెప్పిన పద్ధతిలోనే, పది మీటర్ల హాలులోనే తేల్చుకోవచ్చు. అయితే తొందర లేదు. 10 మీటర్ల టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. దశాంశాల్లో లెక్కిస్తారు కాబట్టి 60 దెబ్బల్లో గరిష్ఠ స్కోరు 654 (ఒక్కోదానికి 10.9). మీ పిల్లవాడు నిలకడగా 600 దాటేదాకా మంచి కంపెనీ మధ్య రకం డబ్బా ఒకటి ఎంచుకుని దాన్నే వాడనివ్వండి. ఆ దశలో తప్పంతా భంగిమలోనే ఉంటుంది, డబ్బాలు మార్చితే ఆ తప్పు కనపడకుండా పోతుంది. డబ్బాలోంచి తీసిన ప్రతి పెల్లెట్టునూ కాల్చే ముందు వేళ్ల మధ్య ఒకసారి తిప్పి చూసే అలవాటు మాత్రం మొదటి రోజు నుంచే నేర్పించండి. వెనుక పల్చటి అంచు సొట్టపోతే అది పక్కకు పోతుంది. పెల్లెట్టు సీసం. చేతులు సబ్బుతో కడుక్కోకుండా టిఫిను డబ్బా తెరవనివ్వకండి.

ఎన్‌.సి.సి. పిల్లలకు ఎంపిక ఉండదు, ఇచ్చిన .22 తూటాలు కాలుస్తారు. గ్రూపింగ్‌కూ (దెబ్బలన్నీ ఒకచోట పడేలా కాల్చడం) తర్వాతి ఫైరింగ్‌కూ ఒకే పెట్టెలోవి ఇవ్వమని అడిగితే చాలు. చూపు సరిచేసుకున్న తూటా ఒకటి, పోటీలో కాల్చే తూటా ఒకటి అయితే ఆ శ్రమ వృథా.

పలమనేరు, కుప్పం వైపు పొలాల కాపలాకు లైసెన్సు మీద .315 రైఫిలో, 12 బోరు తుపాకో ఉన్న రైతులు కూడా ఈ ప్రశ్న అడుగుతుంటారు, తూటా ఖరీదు పెరిగిందని. వాళ్లకు నా సలహా ఒక్కటే: లైసెన్సు ఉన్న డీలరు దగ్గర బిల్లుతో కొన్న ఫ్యాక్టరీ తూటా, అదీ కొత్తది. మన దేశంలో పూణె దగ్గర ఖడ్కీలో 1869 నుంచి తూటాల ఫ్యాక్టరీ ఉంది. 2021 అక్టోబరు 1 నుంచి అది మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ కింద నడుస్తోంది. తాత కాలం నాటి తూటాలు బీరువాలో దొరికితే సరదాకు కూడా కాల్చకండి. ఇత్తడి మీద పచ్చటి చిలుము, కేసు మెడ దగ్గర సన్నటి పగులు, వేలితో తిప్పితే కదిలే గుండు, వీటిలో ఏది కనిపించినా డీలరు ద్వారా గానీ పోలీసు స్టేషను ద్వారా గానీ అప్పగించే దారి అడగండి. ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే కనీసం 30 సెకన్లు గొట్టాన్ని ప్రమాదం లేని దిక్కుకే పట్టి ఉంచి, తర్వాతే తెరవండి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. శబ్దం మామూలు కంటే నీరసంగా వస్తే అక్కడితో ఆపేసి, తూటా తీసి, వెనుక నుంచి గొట్టంలో వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాల్సిందే. ఇంకో మాట. తుపాకి లైసెన్సు వేటకు అనుమతి కాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం వేరు. కౌండిన్య అడవి నుంచి దిగే ఏనుగు మీద తుపాకి ఎత్తే హక్కు ఏ లైసెన్సూ ఇవ్వదు.

2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయాక పాత చిత్తూరు జిల్లా లైసెన్సులున్న కొందరు ఇప్పుడు తిరుపతి జిల్లా కిందికి వచ్చారు. తూటాలు కొనే ముందు మీ లైసెన్సులో చిరునామా, యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) నంబరు, ఏడాదికి అనుమతించిన తూటాల సంఖ్య ఒకసారి సరిచూసుకోండి. డీలరు దగ్గరికి వెళ్లాక ఇబ్బంది పడకుండా ఉంటుంది.

మన ఎండ

మంచి లాట్ దొరికాక దాన్ని పాడుచేసేది మన వేసవి. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఇంకెంత ఉంటుందో చెప్పక్కరలేదు. ఆ వేడికి .22 గుండు మీది పూత కరిగి జారుతుంది, దుమ్ము అంటుకుంటుంది, ఆ దుమ్ము బ్యారెల్‌లోకి పోతుంది. మందు వేడెక్కితే వేగమూ మారుతుంది. తూటాలను ఇంట్లో చల్లటి, పొడి చోట తాళం వేసిన పెట్టెలో, రైఫిల్‌కు వేరుగా ఉంచండి. రేంజ్‌కు వెళ్లేటప్పుడు అన్నం క్యారియరు పెట్టుకునే థర్మకోల్ పెట్టె ఒకటి చాలు. ఐసు పెట్టవద్దు, చెమ్మ చేరుతుంది. నీడలో ఉంచి, కాల్చబోయే డబ్బా ఒక్కటే బయటికి తీయండి.

విమానంలో అయితే ఒక్కరికి 5 కిలోల వరకు తూటాలు, అవీ ముందుగా చెప్పి, చెకిన్ సామానులోనే. చేతి సంచిలో ఒక్క తూటా మిగిలినా రేణిగుంటలో ఆ రోజు ప్రయాణం ఆగిపోతుంది. తిరుమల వెళ్లే కారుకూ అదే జాగ్రత్త కావాలి. అలిపిరిలో ప్రతి వాహనాన్నీ తనిఖీ చేస్తారు. రేంజ్‌కు వాడే సంచి, రేంజ్‌కు వేసుకునే జాకెట్టు వేరే ఏ పనికీ వాడకూడదని మా ఇంట్లో నియమం. ఒకసారి రాత్రి ఇంటికి వచ్చాక ఆ జాకెట్టు లోపలి జేబు కుట్టు మడతలో ఒక .22 తూటా చేతికి తగిలింది. మర్నాడు ఉదయం కుటుంబమంతా కొండకు వెళ్లాల్సి ఉంది. అప్పటి నుంచి రేంజ్ వదిలే ముందు ప్రతి జేబూ బయటికి తిప్పి చూపించమని పిల్లలందరినీ అడుగుతున్నాను.

మా మేనల్లుడు వెళ్లిన నెలకు మళ్లీ ఫోను చేశాడు. ఈసారి ప్రెస్సు మాట లేదు. వాళ్ల అబ్బాయికి పన్నెండేళ్లు, .22తో మొదలుపెట్టించాడట. "మామా, దీనికి నా ప్రెస్సు పనికిరాదు కదా. నువ్వు ఆ రోజు చెప్పినట్టు మూడు లాట్‌లు తెచ్చాను. ఒక్కోదానికి ఎన్ని కార్డులన్నావు?" అని అడిగాడు. నాలుగు, పదేసి దెబ్బలు, మార్చినప్పుడల్లా ముందు పదిహేను వదిలెయ్యి అన్నాను. రెండు రోజుల తర్వాత పన్నెండు కార్డుల ఫొటోలు పంపాడు, పక్కన తన చేతిరాతతో కొలతలు, లాట్ నంబర్లు. మా దగ్గర నేర్చుకునే ఆ అబ్బాయి కార్డులున్న ఫైలులోనే వాటినీ అచ్చు తీయించి పెట్టాను.